ఎదుటి బెంచీ

కూడలిలో కూర్చునేవాళ్లను లెక్కరాయడం పెద్దాయన ఉద్యోగం. పది నిమిషాలకోసారి పెన్సిల్ మొన నాలుకకు అద్దుకొని, మనిషికో గీత గీస్తాడు. తనను తాను లెక్కలో వేసుకోడు. ఎదురుమూల కూర్చుని రాసే అమ్మాయి ఆయన్ని వేస్తుంది, ఆమెను ఆయన వేస్తాడు. సాయంత్రానికి రెండు లెక్కలూ సరిపోవాలి. ఆ రోజు ఆమె లెక్కలో ప్రతిసారీ ఒకటి తగ్గింది.

"నన్ను వదిలేశావేంటి తల్లీ? చత్వారం నాకు గదా ఉంది," అన్నాడు ఆఫీసులో.

"మీరివాళ రాలేదనుకున్నా బాబాయ్. పొద్దుటి నుంచీ మీ బెంచీ ఖాళీగానే ఉందిగా."

మర్నాడు ఆయన ఎర్రటోపీ పెట్టుకొని కూర్చున్నాడు. అమ్మాయి తలెత్తి సూటిగా చూసింది, ఏదో రాసుకుంది. ఆయన ప్రాణం కుదుటపడింది. సాయంత్రం ఆమె కాగితం తీసి చూస్తే ఆ బెంచీకి గీత లేదు. పక్కన మాత్రం గుండ్రటి అక్షరాలతో, "ఎవరో టోపీ మర్చిపోయారు" అని ఉంది.