కొట్టేసిన వాక్యం

మా కింది ఫ్లాటులో ఉండే ఆంటీ మొన్న మంగళవారం కన్నుమూశారు. ఆ మాట చెప్పడానికి వాళ్లమ్మాయి మెట్లెక్కి వచ్చింది. ఆ అక్కని కూర్చోబెట్టి కాఫీ పెట్టిచ్చాను.

ఆంటీ గుంటూరు దగ్గర చాలా ఏళ్లు టీచరుగా చేసి, ఇక్కడ ఇంగ్లండులో, నార్తాంప్టన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వచ్చేశారు. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. పెళ్లయి ఇక్కడికొచ్చాక నలుగురిలో నోరు విప్పడమే కష్టంగా ఉండేది. ఆంటీ దగ్గర మాత్రం ఆ బెరుకు ఉండేది కాదు. ఆవిడ టీ సాసర్లో పోసుకుని తాగేవారు. నా కూరలో ఉప్పు తక్కువైతే ఆ మాట మొహం మీదే చెప్పేవారు.

మా పాపకి రెండేళ్లు దాటినా మాటలు రాలేదు. పిలిస్తే పలికేది కాదు. రెండుసార్లు ఇక్కడి క్లినిక్‌కి తీసుకెళ్లాం. ఇంట్లో రెండు భాషలు కదా, ఆలస్యమవుతుందిలే అన్నారు డాక్టరు. మా ఆయన తలూపారు. నా మనసులో ఉన్నది నోటిదాకా రాలేదు.

"చెప్పలేకపోతే రాసి పట్టుకెళ్లు," అన్నారు ఆంటీ.

"నాకు రాయడం రాదండీ."

"బాగా రాయమని ఎవరన్నారు? తెలుగులోనే, తోచినట్టు రాయి. ఇంగ్లీషు సంగతి నేను చూసుకుంటా."

తలుపు సందులోంచి వచ్చి పడే టేక్‌అవే హోటళ్ల ప్రకటన కాగితాల వెనక రాయమన్నారు. తను ఏది రాసినా ముందు వాటి మీదే. "మంచి కాగితం చూస్తే చెయ్యి బిగుసుకుపోతుంది," అనేవారు.

రెండు రోజులు రాశాను. తర్వాత సిగ్గేసి సగం కొట్టేసి, మిగిలిన నాలుగు వాక్యాలూ గుండ్రంగా నోటుపుస్తకంలోకి దించి ఆంటీ దగ్గరికి తీసుకెళ్లాను.

"ఇది ఇంకెవరో రాసినట్టుంది. మొదట రాసిందేదీ?"

"అదంతా తప్పులండీ ఆంటీ."

"మార్కులు వేయడం మానేసి చాలా ఏళ్లయిందిలే. తీసుకురా."

తెచ్చాను. కొట్టేసినవి కూడా వదలకుండా పెదవులు కదుపుతూ చదివారు. నేను కొట్టేసిన ఒకచోట ఆగి, పైకి చదివారు. "కుక్కర్ విజిల్ వేస్తే నేనే ఉలిక్కిపడతాను, పాప తల తిప్పదు. నేల అదిరేలా నడిస్తే మాత్రం చూస్తుంది."

"ఇదెందుకు కొట్టేశావమ్మాయ్?"

"వంటింటి సంగతి, డాక్టరుకెందుకని."

"ఆయనకి కావలసింది ఇదే."

ఇంగ్లీషులో రాసిచ్చినప్పుడు దాన్నే అన్నిటికన్నా పైన పెట్టారు. డాక్టరు రెండుసార్లు చదివి వినికిడి పరీక్షకి పంపారు. చెవుల లోపల నీరు నిలిచిందట. చిన్న ఆపరేషన్ చేసి సన్నటి గొట్టాలు పెట్టారు.

తప్పులకి భయపడి ఆ మొదటి రాత రాయకపోయి ఉంటే, నాకు తెలిసిన సంగతి నాలోనే ఉండిపోయేది. ఇప్పుడు ఏది రాసినా ముందు గజిబిజిగానే రాస్తాను. ఇదీ అలా మొదలైందే.

పాప ఆపరేషన్ అయి తిరిగొచ్చే రోజు మా ఆయనకి డ్యూటీ. ఆంటీయే నాకు తోడొచ్చారు. బస్‌స్టాప్‌లో ఉండగా వాన మొదలైంది. పాపని కూర్చోబెట్టి తోసే బగ్గీ మీద ప్లాస్టిక్ కవరు దించాను. చినుకులు టపటపా పడుతుంటే పాప ఏడుపు ఆపేసి పైకి చూసింది. బస్సొచ్చి ఆగింది. బగ్గీ ఎత్తబోతే ఆంటీ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇంకోటి వస్తుందిలే. విననీ."

బస్సు వెళ్లిపోయింది. మేమిద్దరం తడుస్తూ నిలబడ్డాం. కవరు లోపల పాప, చినుకు పడిన చోటల్లా వేలు పెట్టి చూస్తోంది.