నూనె రాసిన నెగటివ్

రేవులో చేపలు దించేసి డాలీగంజ్ వెళ్లే బస్సులో కూలబడ్డాను. జేబులోంచి నాన్న నెగటివ్ తీసి కిటికీకి అడ్డంపెట్టి చూశాను. నాన్న పోయేనాటికి నేను చంటిపిల్లాణ్ణి, ఆయన ముఖమెరగను. తుప్పు పడుతుందని అమ్మ దానికి ఇన్నాళ్లూ కొబ్బరినూనె రాసింది. దాన్నుంచి ఫోటో తీయడం కుదరదని స్టూడియోవాళ్లు ఆ పొద్దున్నే తిప్పి పంపేశారు.

పక్క సీటాయన మెడలో రీలు కెమెరా ఉంది.

"ఇలా ఇయ్యి భయ్యా. నా రీళ్లు ఇంట్లో నేనే ఫోటోలు చేసుకుంటాను" అంటూ నూనె మెల్లగా తుడిచాడు. నా ఫోన్ తెర తెల్లగా వెలిగించి, దానిమీద నెగటివ్ పెట్టి, తన ఫోన్‌తో తీశాడు. నలుపు తెలుపులు తిరగేశాడు.

"దేఖో!" అంటూ తెర నావైపు తిప్పాడు. "ఎప్పుడు తీయించుకున్నావిది?"

"నాను కాదు భయ్యా. మా నాన్న."

ఆయన నెగటివ్ నా చేతిలో పెట్టాడు. ఫోటో నా ఫోన్‌కి పంపి, డైరీ ఫార్మ్ స్టాపులో దిగిపోయాడు.

నాన్న నవ్వుతూ ఉంటాడనుకునేవాణ్ణి. వేటనుంచి అప్పుడే వచ్చినట్టు, నాలాగే అలిసిపోయి ఉన్నాడు.

ఇంటికెళ్లి చూపిస్తే అమ్మ చాలాసేపు చూసింది. ఫోన్‌కి కూడా కాస్త నూనె రాయమంది.