గాల్లోనే ఉండిపోయిన విమానం

ఇవాళ రాజాంలో పాత పేపర్లు తూకానికి వేయడానికి వెళ్తే, ఆ కొట్లో కట్టల మధ్య ఒక యుద్ధవిమానాల బొమ్మల కథల పుస్తకం కనిపించింది. పిన్నులు తుప్పు పట్టి కాగితానికి ఎర్రటి మరక అంటింది. మన ఈడు వాళ్లకి ఆ మరక గురించి చెబితే చాలు, ఆ కాగితం వాసన కూడా వచ్చేస్తుంది.

అరవైల చివర్లో నెల్లిమర్లలో ఈ బొమ్మల కథల పిచ్చి ఉన్న ఆడపిల్లలం ఇద్దరమే, నేనూ రమణీ. వాళ్ల నాన్నకి రైల్వేలో బదిలీ అయింది. వెళ్లే రోజు పొద్దున్నే ఇదే పుస్తకం, అప్పుడే వచ్చిన కొత్తది, మా చేతికొచ్చింది. చదివే తీరిక లేదు, వదులుకునే మనసూ లేదు. మొదటి సగం తనకి, రెండో సగం నాకు అనుకుని ప్లాట్‌ఫాం మీదే పిన్నులు ఊడదీశాం.

"నీ సగం పారీకే. నానొచ్చినప్పుడు రొండూ కలిపి కుట్టీసుకుందుం," అంది రమణి.

ఇంటికొచ్చి చూస్తే నా దగ్గరున్నవన్నీ నడిమి పేజీలు. పై కాగితాలు తను పట్టుకెళ్లింది కదా, మడత కాగితానికి ఓ పక్క మొదటి పేజీ, ఓ పక్క చివరి పేజీ ఉంటాయి; కథ మొదలూ చివరా రెండూ తనతోనే వెళ్లిపోయాయి. నా విమానం బయల్దేరనూ లేదు, దిగనూ లేదు. రెక్కకి మంట అంటుకుని గాల్లోనే ఉండిపోయింది. ఎన్ని మధ్యాహ్నాలు గుమ్మంలో ఒక్కదాన్నే కూర్చుని దాన్ని దింపాలని చూశానో.

రమణి మళ్లీ రాలేదు. ఉత్తరమూ లేదు.

"ఏటమ్మా, మనవలకా?" ఇవాళ నేనా పుస్తకం పక్కకి తీసుకుంటుంటే అన్నాడు కొట్టాయన.

"నాకే," అన్నాను.

ఇంటికి తెచ్చి నడిమి పేజీలు చూశాను. అన్నీ గుర్తున్నాయి. చివరి పేజీ మాత్రం తిప్పలేదు. ఆ విమానం దిగిందో లేదో రమణి చెప్పాలి.