కొమ్ము పురుగు ఫోటో

పొద్దున్న మా కాశీబుగ్గ ఇంటి వరండాలో ఒక కొమ్ము పురుగు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. మెల్లగా తిప్పి, మందారాకు మీదికి ఎక్కించి, నేల మీద బోర్లా పడుకుని పావుగంట ఫోటోలు తీశాను. నల్లగా నిగనిగలాడే ఒళ్ళు, తల మీద బుల్లి కొమ్ము, పొట్ట కింద ఎర్రటి నూగు!

"ఏటి తీత్తన్నావే?" అంటూ మా మావయ్య వచ్చాడు. ఉద్దానంలో ఆయనకు కొబ్బరితోట ఉంది. చెట్ల నెత్తిన లేత మొవ్వు తొలిచేసే ఈ పురుగుల్ని చువ్వతో గుచ్చి లాగడమే ఆయనకు పెద్ద పని. నాకది అప్పుడు గుర్తొచ్చింది.

ఫోన్ తీసుకుని చాలాసేపు చూశాడు.

"ఎంత సక్కగుందే! ఇన్నేళ్ళు సంపుతన్నాను గానీ, దీని మొకం ఎప్పుడూ సూడలేదు."

"అయితే వదిలేద్దామా మావయ్యా?"

"ఫోటో నువ్వుంచుకో తల్లీ. పురుగుని నాకిచ్చెయ్."

ఇచ్చేశాను. నా ఎదుట చంపలేక, ఆకుతో సహా గేటు అవతలికి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చి ఆ ఫోటో తనకూ పంపమన్నాడు.

సాయంత్రం చూస్తే ఆయన వాట్సాప్ డీపీ అదే. చంపిన పురుగునే డీపీగా పెట్టుకున్న మనిషిని ఏమనాలో మీరే చెప్పండి.