లిఫ్టు మామయ్య ఇంగ్లీషు

పత్రికాఫీసులో వాణిజ్య వార్తలు అనువదించే ఉద్యోగ పరీక్షకు ఇంకా రెండు రోజులే ఉంది. భర్త పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి నాలుగు నెలలైంది. కోడలికి ఈ ఉద్యోగం వస్తేనే ఇల్లు నిలబడుతుంది. చేతిలో ఉన్న నిఘంటువేమో డిప్, ప్లంజ్, స్లంప్, క్రాష్ అన్నిటినీ ఒకే గాటన కట్టి, 'పడిపోవడం' అని చేతులు దులుపుకుంది.

"అన్నీ పడిపోవడమే అయితే ఇన్ని మాటలెందుకు, వీళ్ల మొహం!" అంటూ ఆమె పుస్తకాన్ని మంచం మీదికి విసిరింది.

కూరగాయలు తరుగుతున్న మామయ్య తలెత్తాడు. ముప్పై ఒక్క ఏళ్లు షేర్ల బజారు భవనంలో లిఫ్టు నడిపిన మనిషి. ఇంగ్లీషులో సంతకం కూడా రాదు. ఇంట్లో ఆయన మాటకు విలువ అంతంతమాత్రమే. కోడలు కూడా తక్కువ తినలేదు, ఆయన్ని వంటింటి గడప దాటనిచ్చేది కాదు.

"అవన్నీ ఒకటి కాదమ్మా," అన్నాడు. "డిప్ అనేవాడు నవ్వుతూ అంటాడు. కిందికెళ్లి కాఫీ తాగి మళ్లీ పైకొస్తాడు. ప్లంజ్ అన్నవాడు లిఫ్టు ఆగకముందే తలుపు లాగుతాడు. స్లంప్‌కి తొందరుండదు. నెలల తరబడి అదే చొక్కా, అదే నిట్టూర్పు. ఏ అంతస్తని రెండుసార్లడిగితే గానీ పలకడు."

"మరి క్రాష్?"

ఆయన కత్తి పక్కన పెట్టాడు. "ఆ రోజు లిఫ్టు నిండా ఎక్కారు. ఒక్కడూ అంతస్తు చెప్పలేదు. నేనే కిందికి తెచ్చి దించాను. ఆ మాట వారం తర్వాత గానీ ఎవరి నోటా వినలేదు."

ఇంత చదువును ఇంట్లో పెట్టుకుని, ఇన్నాళ్లూ బీరకాయలు తరిగించిందా! ఆమెకు సిగ్గు వేసింది.

పరీక్షలో ఆమె ఆ ముఖాలనే తలుచుకుంటూ రాసింది. ఒకచోట ధర కాస్త తగ్గి తేరుకుంది, ఒకచోట ఒక్కసారిగా జారింది, ఇంకోచోట మందగించి లేవలేకపోయింది, చివర కుప్పకూలింది. ఎడిటర్ అది చదివి, కళ్లజోడు తీసి, "ఏ నిఘంటువమ్మా ఇది?" అన్నాడు.

"మా మామయ్యండీ."

ఉద్యోగం ఇచ్చారు. ఆ ఉద్యోగపు కాగితాన్ని ఆమె ముందుగా ఆయన చేతిలోనే పెట్టింది. ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"మామయ్యా, లిఫ్టుకు బటన్లు పెట్టి మిమ్మల్ని పని మాన్పించారు కదా. ఆ రోజు లిఫ్టెక్కినవాళ్లు దానికి ఏ మాట వాడారు?"

"ఏమీ అనలేదు తల్లీ. రోజూలాగే ఎవరి అంతస్తు వాళ్లు చెప్పి దిగిపోయారు."