మొరం దారి మీద ఖమర్ మేడం

మా వీధిలో పైపుల కోసం తవ్విన గుంతలు పూడ్చి, మీద మొరం పోసి వెళ్ళారు. తారు ఎప్పుడు వేస్తారని అడిగితే ‘ఏస్తరమ్మా’ అన్నారు. అంటే ఇప్పట్లో వేయరని అర్థం. రాత్రి సన్నగా చినుకు పడింది. తెల్లారి టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడితే, పాలాయన సైకిల్ ఆ తడి మొరం మీద నుంచి వెళ్ళింది. ఎవరో పక్కన కూర్చుని వేయించిన పల్లీలు తీరిగ్గా నములుతున్నట్టు ఆ చప్పుడు. పాలాయన మలుపు తిరిగాడు, చప్పుడు ఆగిపోయింది, నేను మాత్రం అక్కడే ఉండిపోయాను. నాగర్‌కర్నూల్ వీధి కాస్తా మన్ననూర్ పొద్దుటి మంచు అయిపోయింది. ఆ మంచులోంచి తెల్లకోటు వేసుకున్న ఒక ఆడమనిషి, కిందికి వంగిన హ్యాండిల్ మీద చేతులు అలవోకగా ఆనించి, సన్నచక్రాల సైకిల్ తొక్కుకుంటూ వస్తోంది. టీ చల్లారిపోయింది.

ఆమె పేరు ఖమరున్నీసా. మా అందరికీ ఖమర్ మేడం. సొంతూరు గద్వాల. బల్మూర్ దవాఖానలో హెల్త్ సూపర్‌వైజర్‌గా ఉండేది. అడవి అంచు ఊళ్ళలో పనిచేసే నాలాంటి నర్సమ్మల మీద ఆమెదే అజమాయిషీ. బొద్దు మనిషి. నలభై దాటి ఉంటుంది. తలకు గుడ్డ బిగించి కట్టుకుని, పైజామా కాళ్ళకు చీలమండల దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసుకునేది. అలాంటి మనిషి అలాంటి సైకిల్ ఎక్కడం చూసి మొదట్లో ఊళ్ళన్నీ నవ్వాయట. నవ్వి నవ్వి వాళ్ళే అలిసిపోయారని ఆమే చెప్పేది.

ఆ సైకిల్ ఆమె తమ్ముడిది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో దూరాలు తొక్కుతానని మోజుపడి కొన్నాడు. పందేల సైకిల్ జాతిదే గానీ, హ్యాండిల్ కొంచెం ఎత్తుగా ఉండి, రోజంతా తొక్కినా నడుం పట్టకుండా చేసిన రకం. మోజు ఆరు వారాలు కూడా నిలవలేదు, మోకాలు నొప్పన్నాడు. గద్వాలలో గోడకు వేలాడుతున్న దాన్ని మేడం దింపుకుని వచ్చింది. అది తార్రోడ్డు సైకిల్ అక్కా, కంకర మీద తొక్కితే నాలుగు రోజుల్లో నాశనమవుతుందని తమ్ముడు మొత్తుకున్నాడట. గోడ మీద ఉంటే మాత్రం ఏం బాగుపడుతుందని ఈమె జవాబు. బల్మూర్ నుంచి మా ఊరు దాటేదాకా చాలావరకు తారే, అక్కడి నుంచి లోపలికంతా మొరమే. తారు మీద మామూలు సైకిల్ ఈడ్చలేక చావాలి. ఇది ఊదితే కదిలేది. మొరం సంగతి తాను చూసుకుంటానని, చక్రానికీ దాన్ని పట్టి ఉంచే ఇనుప కాళ్ళకీ మధ్య సందులో పట్టినంత లావు టైర్లు తమ్ముడి చేతే తెప్పించి వేయించింది. టైరుకీ కాళ్ళకీ మధ్య చిటికెనవేలు దూరాలట. లేకపోతే రేగడి మట్టి ఇరుక్కుని చక్రం తిరగదు. వానాకాలం ఆ మట్టి గీకడానికి ఒక కందికట్టె ఎప్పుడూ సీటు కింద దోపి ఉంచేది.

నాది వనపర్తి. చదువు అయిపోగానే మన్ననూర్‌లో వేశారు. రెండువేల ఏడో ఎనిమిదో. పగలు కోతులు, సాయంత్రం ఆరింటికే చీకటి. పెద్దపులుల అడవి కాబట్టి లోపలికి బండ్లు పోనివ్వాలంటే చెక్‌పోస్టు దగ్గర వంద ప్రశ్నలు. లోపల చెంచుల పెంటలకు, అంటే వాళ్ళ గూడేలకు, టీకాలు తీసుకుపోవాలంటే దవాఖాన జీపు రావాలి. జీపు ఎప్పుడూ ఇంకెక్కడో ఉండేది. ఆ మొరం దారి అంటే నాకు ప్రాణభయం. వచ్చిన వారానికే అద్దె సైకిల్ మీద పోయి, గులకరాళ్ళలో జారి, మోచేతులు చెక్కుకుపోయి నడిచి తిరిగొచ్చాను. వనపర్తిలో ఒక ప్రైవేటు దవాఖానలో పని చూసిపెట్టమని అమ్మకు ఫోన్ చేశాను. వచ్చే నెల వచ్చేస్తానని కూడా చెప్పేశాను. ఆ మాట ఇంకెవరికీ చెప్పలేదు. కానీ ఖమర్ మేడం కంటికి ఎట్లాగో కనిపించింది.

ఒకనాడు పొద్దున్నే వచ్చి, సైకిల్ తెచ్చి నా ముందు నిలబెట్టి ఎక్కమంది. అంత ఖరీదైన సైకిల్ పాడుచేస్తానని నేను వెనకడుగు వేశాను. ఆమె వినిపించుకోలేదు. ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, గాలి మూతి మీది చిన్న మర తిప్పి నొక్కింది. సుయ్యిమని గాలి పోతోంది. బొటనవేలితో టైరు నొక్కి చూసింది, ఇంకొంచెం వదిలింది, మళ్ళీ నొక్కింది. గద్వాల పక్క మనిషి కదా, ఆమె నోట అప్పుడప్పుడూ కన్నడం దొర్లేది. చాలు అనాల్సిన చోట ‘సాకు’ అనేది. ఆ రోజూ అట్లాగే తనలో తానే ‘సాకు, సాకు’ అనుకుని, నా వేలు పట్టి టైరు మీద పెట్టింది.

“ఎట్లున్నది? దోరజామకాయ ఒత్తినట్టు లేదా? గింతే ఉండాలె. మనోళ్ళు తడితే మోగేదాక కొట్టిస్తరు గాలి. గట్టి టైరు రాయి రాయికి ఎగురుతది. మెత్తగుంటే రాయిని అర్థం జేస్కొని పోతది. మరీ తగ్గిస్తే రిమ్ము ట్యూబును కొరుకుతది. నేను బరువున్న, నాకు జర ఎక్కువ గావాలె. నువ్వు బక్కదానివి, నీకు ఇంకా తక్కువ.”

ఎక్కాను. హ్యాండిల్ ఎంత గట్టిగా పట్టుకున్నానంటే వేళ్ళు తెల్లబడ్డాయి. పక్కన పరుగెత్తుతూ, ఆయాసపడుతూ ఆమె ఒకటే మాట: “పట్టు వదులు బిడ్డా. దాన్ని పోనీ. అది పడదు, నువ్వే పడేస్తున్నవ్.” కాసేపటికి వేళ్ళు వాటంతటవే సడలాయి. కింద చక్రం అటూ ఇటూ తడుముకుంటూ, ప్రతిసారీ దానికదే సర్దుకుంటూ పోతోంది. మంచులో చెట్లు లేవు, చెట్ల నీడల్లాంటివి ఉన్నాయి. ఎక్కడో నెమలి అరిచింది. ఎంత దూరం పోయానో తెలియదు. తిరిగొచ్చేసరికి మేడం రాయి మీద కూర్చుని చెప్పులు విప్పి దుమ్ము దులుపుకుంటోంది. వనపర్తి ముచ్చట అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు.

తర్వాత కొద్ది రోజులకే అడవిలో తట్టు వచ్చింది. ఒక పెంటలో పసిబిడ్డ పోయింది కూడా. వాగు అవతలి పెంటలో ఇంకా ఎవరికీ రాలేదు. అక్కడి పిల్లలకు సూది పడితే ఆగుతుంది. కానీ తెల్లారితే ఆ కుటుంబాలన్నీ పిల్లలతో సహా తేనెకు లోపలి అడవికి పోతున్నాయని కబురు వచ్చింది. అంటే ఆ ఒక్క రోజే. జీపు కల్వకుర్తిలో మరమ్మతులో ఉంది. మేడం టీకాల డబ్బాను భుజానికి తగిలించుకుని బల్మూర్ నుంచి సైకిల్ మీదే వచ్చింది. వచ్చి దిగుతూనే గోడ పట్టుకుంది. ఒళ్ళు కాలిపోతోంది, పళ్ళు టకటకమంటున్నాయి. మంచం మీద పడుకోబెట్టి దుప్పట్లు కప్పాను. రెండు దుప్పట్ల కింద నుంచి చెయ్యి బయటికి చాపి డబ్బా చూపించింది.

“డబ్బాల మంచుగడ్డ మధ్యాహ్నం దాక ఆగుతది. నువ్వు పో.”

నాతో కాదన్నాను. పడతాను, మందు పాడవుతుంది, పిల్లల ఉసురు నాకు తగులుతుందన్నాను. ఆమె కళ్ళు మూసుకుని విని, “పడితే లేస్తవ్. పోకపోతే ఎవరు లేపుతరు వాళ్ళను?” అని అటు తిరిగి పడుకుంది.

బయటికొచ్చి టైరు నొక్కాను. మెత్తగా ఉంది. ఇంత దూరం పోతూ దారిలో ట్యూబు పోతే గతేమిటని భయం. సీటు దగ్గరున్న చిన్న పంపు తీసి, మనవాళ్ళంతా చేసేదే నేనూ చేశాను. మోగేదాకా కొట్టాను. తారు మీద ఉన్నంతసేపు గాలిలో తేలినట్టే పోయింది. మొరం మొదలయ్యాక ప్రతి రాయీ నా దవడల్లో పలికింది. డబ్బా వీపును బాదుతోంది. వాగులోకి దిగే వాలు దగ్గర భయంతో హ్యాండిల్ బిగించి బ్రేకు నొక్కాను. ముందు చక్రం పక్కకు కొట్టుకుపోయింది, నేను డబ్బాను పొట్టకు హత్తుకుని కింద పడ్డాను.

మోకాలు చిట్లి రక్తం కారుతోంది. డబ్బా మూత తీసి చూశాను. సీసాలు పగల్లేదు, మంచు ఇంకా గట్టిగానే ఉంది. మూత వేసి అక్కడే ఇసుకలో కూర్చుండిపోయాను. వాగులో నీళ్ళు సన్నటి పాయగా పోతున్నాయి. ఆకుల మధ్య నుంచి ఎండ నాణేల్లా రాలి నీళ్ళ మీద కదులుతోంది. అమ్మ గుర్తొచ్చింది, వనపర్తి బజారు గుర్తొచ్చింది. వెనక్కి పోతే ఎవరూ ఏమీ అనరు, పడ్డానని మోకాలే సాక్ష్యం. అట్లా కూర్చుని ఉండగానే నా చెయ్యి దానంతటదే టైరు మీద పడింది. బండరాయిలా ఉంది. మర తిప్పి నొక్కాను. సుయ్యిమంది. వేలితో ఒత్తాను, ఇంకొంచెం వదిలాను, మళ్ళీ ఒత్తాను. నా నోట్లోంచి ‘సాకు’ అని వచ్చింది.

వాగు దాటాక ఆ దారి వేరే దారిలా అనిపించింది. అవే రాళ్ళు, కానీ చక్రం ఒక్కోదాన్నీ పలకరించి పక్కకు జరుగుతోంది. చేతులు వదిలేసినట్టే ఉన్నాయి. కుంటుకాలితోనే తొక్కాను, పాట పాడాలనిపించింది కూడా.

పెంట దగ్గరికి పోయేసరికి పిల్లలు ముందుగా సైకిల్‌ని గుర్తుపట్టి ఎదురొచ్చారు. వాళ్ళ వెనక ఒక ముసలమ్మ వచ్చి, సైకిల్ వచ్చింది గానీ అమ్మ ఏదని అడిగింది. జ్వరంతో పడి ఉంది, నన్ను పంపిందని చెప్పాను. ఆమె నా ముఖం చూడలేదు. నా మోకాలు చూసింది, తర్వాత సైకిల్ చూసింది.

“ఆయమ్మ ఈ సైకిల్ ఎవ్వరికియ్యదు. నీకిచ్చిందంటే సాలు,” అని, చంకలో ఉన్న మనవరాలిని అందరికంటే ముందు నా చేతికిచ్చింది.

సూదులన్నీ అయ్యేసరికి మంచు కరగడం మొదలైంది, అంతే. ముసలమ్మ మోకాలికి ఏదో ఆకు నూరి కట్టింది. ఆ పెంటకు తట్టు రాలేదు. తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. మేడం గడప మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. ఎంతమంది పిల్లలని అడుగుతుందనుకున్నాను. ఆమె లేచి, తూలుతూ వచ్చి, ముందు టైరు మీద బొటనవేలు పెట్టి ఒత్తింది. ఆ ముఖంలో వచ్చిన నవ్వు ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. వచ్చే నెల వనపర్తి పోతున్నానన్న సంగతి ఆ సాయంత్రమే చెప్పాను. “తెల్సు,” అంది. పోవడం లేదని కూడా చెప్పాను. “అది గూడ తెల్సు,” అని దుప్పటి నిండా కప్పుకుంది.

నేను మన్ననూర్‌లో చాలా ఏళ్ళు ఉండి, తర్వాత నాగర్‌కర్నూల్ వచ్చాను. ఆమె రిటైరై గద్వాల పోయింది. అడపాదడపా ఫోన్ చేసేది. గొంతు బలహీనపడుతున్నట్టు అనిపించి అడిగితే, పరేషాన్ కావద్దని దాటవేసేది. ఒకనాడు కండక్టర్ ఒకాయన ఫోన్ చేసి, గద్వాల బస్సు టాపు మీద మీ సామాను ఉందమ్మా, వచ్చి దించుకోండని చెప్పాడు. పోయి చూస్తే పాత దుప్పట్లో చుట్టిన సైకిల్. సీటు కింద కందికట్టె కూడా అట్లాగే ఉంది. దించుతూ కండక్టర్, “టైర్లల్ల గాలి తక్కువున్నదమ్మా, పంక్చరేమో చూపించుకో,” అన్నాడు. బొటనవేలితో ఒత్తి చూశాను. పంక్చర్ కాదు. ఆమె తొక్కే రోజుల్లో ఉండే గట్టితనమూ కాదు, అంతకంటే మెత్తన. బస్టాండు మధ్యలో నిలబడి ఉన్నపళంగా అర్థమైంది. అది ఆమె బరువుకు పట్టిన గాలి కాదు, నా బరువుకు పట్టిన గాలి.

ఇరవై రోజులు కాకముందే తమ్ముడు ఫోన్ చేసి ఆమె పోయిందని చెప్పాడు. గద్వాల పోయి వచ్చాను. ఆ తర్వాత ఆ సైకిల్ ఎక్కబుద్ధి కాలేదు. ఆ టైర్లలో ఉన్నది ఆమె కొట్టి, ఆమె వేలితో చూసి, సాకు అనుకుని ఉంచిన గాలి. దాని మీద ఇంకో పంపు పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. గాలికి ఇవేమీ తెలియవు కదా, అది మెల్లమెల్లగా దానంతటదే పోయింది. ఒక పొద్దున చూస్తే టైరు నేలకు అతుక్కుపోయి ఉంది. ఆమె చనిపోయిన రోజు రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది.

ఇవాళ టీ గ్లాసు గట్టు మీద పెట్టి, సైకిల్ బయటికి తీశాను. గాలి కొట్టాను. ముందు మోగేదాకా కొట్టాను, అది మా పాలమూరోళ్ళ చెయ్యి, పోదు. తర్వాత మర తిప్పి, కొంచెం కొంచెం వదులుతూ వేలితో ఒత్తుతూ కూర్చున్నాను. ఈ ఏళ్ళలో నేనూ బొద్దయ్యాను. ఇప్పుడు నాకు ఆమెకు పట్టినంత గాలి పడుతోంది.