లేసు షెడ్డుకి నెట్ లాగిన వారం

2023 ఎండాకాలం. నరసాపురం దగ్గర ఒక ఊళ్లో లేసు అల్లికల షెడ్డుకి ఇంటర్నెట్ కావాలని ఫోన్ వచ్చింది. నేను పాలకొల్లులో చిన్న నెట్‌వర్కింగ్ షాపు నడుపుతాను. రొయ్యల చెరువుల దగ్గర కెమెరాలు, కోళ్లఫారాలకి వైఫై, ఏ పని వస్తే అది చేస్తాను. ఈ వృత్తిలో నాకు ఒళ్లు మండే మాట ఒకటుంది. "చిన్న పనేనండి, ఒక పెట్టె పెడితే అయిపోద్ది" అంటారు. పనేంటో చూడకముందే పెట్టె దాకా వెళ్లిపోతారు. ఫోన్లో మాట్లాడిన సుజాతగారు మాత్రం ఆ మాట అనలేదు. "బడ్జెట్ తక్కువండి, శుక్రవారంలోపు అవ్వాలి. ముందు మీరొచ్చి చూడండి" అన్నారు. ఆ మాట నచ్చి మర్నాడే బయల్దేరాను.

రోడ్డు వైపు ఇల్లు, మధ్యలో పెద్ద కాంక్రీటు గచ్చు, దాని అవతల ఒకప్పటి గేదెల కొట్టం. దానికి రేకులు కొట్టించి సుజాతగారు లేసు షెడ్డుగా మార్చుకున్నారు. ఆ ఇంట్లో టీవీ మీద, ఫ్రిజ్ మీద, మిక్సీ మీద కూడా లేసు గుడ్డలే. పాపం రూటర్‌కి కూడా ఒకటి కప్పారు. గుడ్డ వల్ల సిగ్నల్ ఆగదు కాబట్టి నేనేమీ అనలేదు.

సుజాతగారి మావగారు సత్యనారాయణగారు వీధి అరుగు మీద కూర్చుని నన్ను ఎగాదిగా చూశారు.

"షెడ్డుకి నెట్టేంటండీ? అక్కడ ఆడాళ్లంతా పని మానేసి ఫోన్లు చూసుకోడానికా?"

సుజాతగారు నన్ను షెడ్డులోకి తీసుకెళ్లారు. చాపల మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఆడవాళ్లు అల్లుతున్నారు. చేతిలో కొక్కెం సూది, ఒళ్లో దారం ఉండ. మాట్లాడుకుంటున్నారే గానీ ఒక్కరి చెయ్యీ ఆగడం లేదు.

"ఇన్నాళ్లూ ఏజెంటుకి ఇచ్చేవాళ్లమండి. ఆయన ఎవరికి అమ్ముతాడో మాకు తెలీదు. కూలి గిట్టక కొంతమంది ఇప్పటికే రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్లిపోయారు. ఇప్పుడు బెంగళూరులో షాపున్న ఒకావిడ మా దగ్గరే నేరుగా కొంటానంటున్నారు. కానీ ఇది మిషన్ లేసు కాదని ఆవిడకి నమ్మకం కుదరాలి. శుక్రవారం వీడియోలో మేం అల్లుతుంటే చూస్తారట" అన్నారు సుజాతగారు.

"ఫోన్ డేటాతో అవ్వదాండి?"

ఆవిడ తన ఫోన్లోంచి నా ఫోన్‌కి వీడియో కాల్ చేశారు. నేను గచ్చు మీదకి వెళ్లి చూశాను. రేకుల షెడ్డు కావడంతో లోపలికి సిగ్నల్ సరిగా రావడం లేదు. సూది, దారం, వేళ్లు అన్నీ కలిసిపోయి బొమ్మ ముద్దగా కనిపించింది. దాన్ని చూసి చేత్తో అల్లారో మిషన్ అల్లిందో ఎవరూ చెప్పలేరు.

"ఈ ఆర్డరు రాకపోతే షెడ్డు మూసేస్తానండి. ఇంకో దారి లేదు" అన్నారు ఆవిడ. ఏడుపు గొంతుతో అన్నా నేనంత కంగారుపడేవాణ్ణి కాదేమో. ఆవిడ మామూలుగా అనేశారు.

మా పనిలో ఇలాంటిదానికి నాలుగైదు దారులుంటాయి. ఎక్స్‌టెండర్ అని, ఉన్న వైఫైని పట్టుకుని కాస్త ముందుకి అందించే పెట్టె ఒకటుంది. కానీ అది అందించేదాన్ని కూడా ఆ రేకులు ఆపేస్తాయి. కరెంటు తీగలమీదే నెట్ నడిపే పెట్టెలున్నాయి గానీ షెడ్డు మీటరు వేరు, కాబట్టి అవి పనికిరావు. డిష్షుల్లాంటివి ఎదురెదురుగా పెట్టే వైర్‌లెస్ బ్రిడ్జికి మధ్యలో ఏదీ అడ్డుండకూడదు. ఇక్కడ కొబ్బరిచెట్లు ఉన్నాయి. గాలికి మట్టలు ఊగినప్పుడల్లా లింకు తెగుతుంది, పైగా ఆవిడ బడ్జెట్‌కి అందదు. మిగిలింది తీగ. వేర్వేరు మీటర్లున్న రెండు కట్టడాల మధ్య రాగి తీగ వేస్తే పిడుగు పడ్డప్పుడు రెండు వైపులా సామాను కాలిపోయే ప్రమాదం ఉంది. అందుకని ఫైబర్ అనుకున్నాను. వెలుగు నడిచే సన్నటి గాజు పోగు అది. దాని చివర్లో పెట్టే మీడియా కన్వర్టర్ ఆ వెలుగుని మళ్లీ మామూలు నెట్‌గా మారుస్తుంది. పనికొచ్చే దారుల్లో చవకైనది కూడా ఇదే.

కానీ తీగ పోయేదెలా? పైనుంచి వేస్తే ధాన్యం ట్రాక్టర్లు తెంపేస్తాయి. కింద నుంచి వేయాలంటే గచ్చు కొయ్యాలి.

"నా గచ్చు మీద గాటు పడ్డానికి వీల్లేదు" అన్నారు సత్యనారాయణగారు. ఇంకొకరైతే ఆ మాటనేసి లోపలికి వెళ్లిపోయేవారు. ఆయన మాత్రం షెడ్డు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. కాసేపు కోడల్ని చూసి, "గేదెల కుండీకి నీళ్లెళ్లే గొట్టం గచ్చు కింద అలానే ఉందిగా. అందులోంచి చూసుకోండి" అన్నారు.

మట్టి తీసి చూస్తే గొట్టం రెండు చివరలూ దొరికాయి. గురువారం సామాను తెచ్చి పని మొదలుపెట్టాను. తీగ లాగడానికి ముందు పంపే స్టీలు స్ప్రింగ్ వంపు దగ్గర ఇరుక్కుంది. బలవంతం చేస్తే పాత గొట్టం పగులుతుంది. పాలిథిన్ కవరు ముక్కకి నైలాను తాడు కట్టి, కంప్యూటర్ల దుమ్ము ఊదే బ్లోయరుతో గాలి కొట్టాను. తాడు బరువుకి కవరు కదల్లేదు. నాకు విసుగొచ్చి అక్కడే కూలబడ్డాను. మళ్లీ గచ్చు మాటెత్తాలేమో, ఆయనతో ఏమని చెప్పాలి అనుకుంటున్నాను.

షెడ్డులో అందరికన్నా పెద్దావిడ మంగతాయారుగారు. అల్లుతూనే నన్ను గమనిస్తున్నారు. "తాడు లావైపోయింది బాబూ. మా దారం కట్టి చూడు. లేసు దారం అంత తేలిగ్గా తెగదు" అన్నారు.

కట్టి గాలి కొట్టాను. ఆవిడ ఒళ్లో దారం ఉండ గిర్రున తిరగడం మొదలుపెట్టింది. ఆడవాళ్లంతా అల్లిక ఆపి చూస్తున్నారు. ఇంటి వైపు నుంచి సత్యనారాయణగారి గొంతు వినపడింది. "వచ్చేసిందండీ, కవరు వచ్చేసింది." ఆ దారానికి సన్న తాడు కట్టి లాగాం, తాడుకి ఫైబర్ కట్టి లాగాం. సాయంత్రానికి షెడ్డులో వైఫై వచ్చింది. స్పీడ్ టెస్ట్ చేసి అప్‌లోడ్, అంటే మన దగ్గర్నుంచి బయటికి వెళ్లే వేగం, బాగుందని చూపించాను. నిజానికి నా పని అక్కడితో అయిపోయింది. మనసాగక శుక్రవారం మళ్లీ వెళ్లాను.

బెంగళూరావిడ ఇంగ్లీషులో మాట్లాడుతుంటే సుజాతగారు జవాబులు చెబుతూ ఫోన్‌ని ఒకరి చేతుల మీద నుంచి ఇంకొకరి చేతుల మీదకి తిప్పుతున్నారు. బొమ్మ ఎక్కడా ఆగలేదు. సూది మొన మీద దారం మెలిక పడటం కూడా కనిపిస్తోందని ఆవిడ అన్నారు. ఒక గుడ్డ మూల దగ్గర ఆపమని ఏదో అడిగారు.

"ఈ పువ్వు ఎవరల్లారని అడుగుతున్నారు పిన్నీ. మీ పేరు చెప్పమంటున్నారు" అన్నారు సుజాతగారు మంగతాయారుగారితో.

"నా పేరెందుకే ఆవిడికి?"

"గుడ్డతో పాటు మీ పేరు కూడా వేసి అమ్ముతారంట."

మంగతాయారుగారి చెయ్యి ఆగిపోయింది. సూది ఒళ్లో పెట్టుకున్నారు. "చిన్నప్పుడు మా అమ్మ నేర్పిన కాడి నుంచి అల్లుతానే ఉన్నాను. ఇది ఎవరల్లారని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదే" అన్నారు. తరవాత ఫోన్ దగ్గరికి జరిగి, గోదారి అవతలి ఒడ్డుకి కేకేసినట్టు, ఇంటిపేరుతో సహా చెప్పారు. బెంగళూరావిడ ఆ పేరు దగ్గర మొదటిసారి తడబడి, రెండోసారి సరిగ్గా పలికారు. మొదటి విడత టేబుల్ గుడ్డలు అల్లి పంపమన్నారు. కాల్ అయ్యాక సుజాతగారు చాప మీద కూర్చుని, చాలాసేపు కొంగుతో మొహం కప్పుకున్నారు.

నేను సామాను సర్దుకుంటుంటే మంగతాయారుగారు పిలిచారు.

"బాబూ, ఆవిడికి నా పేరు సరిగ్గా వినపడిందంటావా?"

"వినపడిందండి. తిరిగి చెప్పారు కదా."

"చెప్పారు, చెప్పారు" అని ఆవిడ మళ్లీ సూది తీసుకున్నారు.

అంతకుముందు స్పీడ్ టెస్ట్‌లో అంకె చూపించి బండెక్కేసేవాణ్ణి. ఇప్పుడు అలా రాలేను. ఎవరికోసం తీగ లాగానో వాళ్లు మొదటి మాట మాట్లాడేదాకా ఒక పక్కన నిలబడి ఉంటాను. అది అవతలివాళ్లకి చేరిందని తెలిశాకే బయల్దేరతాను.